ఉప్పు బయట చూసుకుంటుంది, లోపల మనమే చూసుకోవాలి

ఈ నెల వచ్చిన ప్రశ్నలన్నీ ఉప్పుతో కాల్చే స్టోన్‌వేర్ (ఎక్కువ వేడిలో గట్టిగా కాల్చిన మట్టి సామాను) మీదే. ఈ పద్ధతి తెలియనివారి కోసం ముందుగా రెండు మాటలు. ఇందులో పాత్ర బయటివైపు గ్లేజు (కాలాక గాజులా మెరిసే పూత) పూయరు. బట్టీ 1250 డిగ్రీల సెల్సియస్ దరిదాపులకు వచ్చాక మంటలోకి ఉప్పు వేస్తారు. ఉప్పు ఆవిరై, మంటలో ఉండే నీటి ఆవిరితో కలిసి విడిపోతుంది. దానిలోని సోడియం మట్టిలో ఉన్న సిలికాను, అల్యూమినాను పట్టుకుని పాత్ర ఒంటి మీదే గాజుపొర కడుతుంది. జర్మనీలో రైన్ నది పక్క ఊళ్ల కుమ్మరులు ఐదారు వందల ఏళ్ల కిందటే ఈ పని చేశారు. వెస్టర్‌వాల్డ్ ప్రాంతపు బూడిద, నీలం రంగుల కూజాలు ఇప్పటికీ మ్యూజియాల్లో కనిపిస్తాయి.

నా దగ్గర 1280 డిగ్రీల వరకు వెళ్లే ఎలక్ట్రిక్ కిల్న్ ఉంది. చిన్న గిన్నెలో ఉప్పు పోసి లోపల పెడితే సరిపోదా? (హైదరాబాద్)

సరిపోదు, చేయకండి. వేడి తీగలను ఆ ఆవిరి తినేస్తుంది. తేలికపాటి ఇన్సులేషన్ ఇటుకలు గాజు పట్టి, పెచ్చులై రాలతాయి. పైగా ఉప్పు తిన్న బట్టీ ఇక జన్మంతా ఉప్పు బట్టీయే. తర్వాత మామూలు గ్లేజు పాత్రలు కాల్చినా గోడల్లో ఇంకిన సోడియం బయటికొచ్చి వాటి మీద కూర్చుంటుంది. దీనికి గట్టి ఫైర్‌బ్రిక్‌తో కట్టిన గ్యాస్ లేదా కట్టెల బట్టీ విడిగా ఉండాలి.

ఏ మట్టి వాడాలి? నా పాత్రలు ఒక్కోసారి ముదురు గోధుమ రంగులో, మెరుపు లేకుండా వస్తున్నాయి. (రాజమహేంద్రవరం)

రెండు సంగతులు చూడండి: ఇనుము ఎంత ఉంది, సిలికా ఎంత ఉంది. ఇనుము ఒకటి, ఒకటిన్నర శాతంలో ఉంటే లేత బూడిద నుంచి తేనె రంగు దాకా వస్తుంది. మూడు శాతం దాటితే గోధుమ రంగు ముదురుతుంది, మెరుపు కూడా మొద్దుబారుతుంది. సిలికా చాలకపోతే సోడియం పట్టుకోవడానికి ఏమీ దొరకదు, పొర పలచగా ఆగిపోతుంది.

మొదలుపెట్టడానికి ఒక పాళ్లు: ఫైర్‌క్లే 40, బాల్ క్లే 30, చైనా క్లే 10, ఫెల్డ్‌స్పార్ 10, మెత్తటి సిలికా 10. మొత్తం వంద. దీనిపైన సన్నటి గ్రాగ్ (కాల్చి పొడి చేసిన మట్టి) 5. గనిని బట్టి ఫైర్‌క్లే మారిపోతుంది కాబట్టి ఇదే ఆఖరి మాట అనుకోవద్దు. ముందు పది పలకలు చేసి కాల్చి చూడండి.

వంటింట్లో వాడే పాత్రకు ఇంకో పరీక్ష తప్పదు. గ్లేజు లేకుండా కాల్చిన ముక్కను తూచి, అయిదు గంటలు నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లలోనే 24 గంటలు వదిలి, తుడిచి మళ్లీ తూచండి. 200 గ్రాముల ముక్క 203 అయితే పీల్చుకున్నది ఒకటిన్నర శాతం, పర్వాలేదు. 208 అయితే ఆ మట్టి ఇంకా పూర్తిగా కాలలేదు. పైన ఎంత మెరుపున్నా అందులో చారు పోస్తే అడుగు చెమరుస్తుంది.

మరో మాట. ఉప్పు దేన్నీ దాచదు. సారె మీద పడ్డ వేలి గీత, పిడి అతికించినప్పుడు మిగిలిన బురద, అన్నీ భూతద్దంలో చూసినట్టు కనిపిస్తాయి. అంచుల మీద పొర పలచబడి రంగు తేలుతుంది, గాడుల్లో చిక్కబడుతుంది. అందుకే ఈ పనిలో ఆరితేరినవాళ్లు దువ్వెన గీతలు, పలకలుగా కోసిన పక్కలు, పదునైన అంచులు ఇష్టపడతారు. బ్రిటన్‌కు చెందిన వాల్టర్ కీలర్ జగ్గులు రేకు డబ్బాల్లా పదునుగా ఉండటం ఊరికే కాదు. ఆ అంచుల దగ్గరే ఉప్పు తన పనితనం చూపిస్తుంది.

బయట బత్తాయి తొక్కలా చక్కగా వచ్చింది, లోపల మాత్రం గరుకుగా, పొడిగా ఉంది. ఉప్పు ఇంకా పెంచాలా? (పుదుచ్చేరిలో నేర్చుకుంటున్న తెలుగు విద్యార్థిని)

పెంచితే బయట కారిపోతుంది, లోపల మాత్రం అలాగే ఉంటుంది. ఆవిరి మంటతో పాటు నడుస్తుంది. మూతి సన్నంగా ఉన్న కూజాలోకి, లోతైన గ్లాసు అడుక్కి అది దిగదు. వెడల్పాటి పళ్లెంలోనూ మంటకు ఎదురుగా ఉన్న సగమే మెరుస్తుంది. తినే, తాగే పాత్రకు లోపలివైపు గ్లేజు మీరే పోయాలి.

ఇందుకు అందరూ ఎరిగిన 4-3-2-1 లెక్క చాలు: ఫెల్డ్‌స్పార్ 40, సిలికా 30, సున్నపురాయి పొడి 20, చైనా క్లే 10. కోన్ 10 (బట్టీలో పెట్టే చిన్న శంకువు, తగినంత వేడికి వంగుతుంది) దగ్గర శుభ్రంగా కరుగుతుంది. రెడ్ ఐరన్ ఆక్సైడ్ ఒక శాతం కలిపితే, గాలి తగ్గించిన మంటలో లేత ఆకుపచ్చ వస్తుంది. ఎనిమిది నుంచి పది శాతం కలిపితే టెమ్మొకు అనే నల్లటి గ్లేజు. 950–1000 డిగ్రీల బిస్క్ (గ్లేజుకు ముందు చేసే తొలి కాల్పు) అయ్యాక పాత్రలో గ్లేజు పోసి, ఒక్క తిప్పు తిప్పి ఒంపేయండి. అసలు కిటుకు మూతి దగ్గరే ఉంది. గ్లేజు పెదవి లోపలి అంచు దాకా వచ్చి ఆగాలి. పెదవి దాటి బయటికి వచ్చిందంటే దాని మీద ఉప్పు కూడా చేరి మరీ పలచబడి, పక్కల వెంట జారుతుంది. తడి స్పాంజితో ఒకే చుట్టులో తుడిచేయండి.

30 ఘనపుటడుగుల గ్యాస్ బట్టీ కట్టుకున్నాం. ఎంత ఉప్పు, ఎప్పుడు, ఎలా వేయాలి? (విశాఖపట్నం)

పాతబడిన బట్టీకి ఈ పరిమాణంలో నాలుగున్నర నుంచి అయిదున్నర కిలోలు చాలు. మీది కొత్తది కాబట్టి తొలి కాల్పులో ఇటుకలే సగం తాగేస్తాయి. దాదాపు రెట్టింపు సిద్ధంగా ఉంచుకోండి, ఆ రోజు మంచి పాత్రలు లోపల పెట్టకండి. రాళ్లుప్పు మేలు. మెత్తటి ఉప్పు మంట ఊపుకు సగం చిమ్నీలోకి ఎగిరిపోతుంది.

900 డిగ్రీల దగ్గర డంపర్ (చిమ్నీ దారిని మూసే పలక) కాస్త మూసి అరగంట, ముప్పావు గంట గాలి తగ్గించండి, మట్టిలోని ఇనుము రంగు తేలుతుంది. కోన్ 9 వంగడం మొదలుపెట్టాక ఉప్పు మొదలు. అంతకంటే ముందు వేస్తే మట్టి ఇంకా తెరుచుకుని ఉంటుంది, పొర సరిగ్గా కట్టదు. 250 గ్రాముల చొప్పున న్యూస్‌పేపర్‌లో పొట్లాలు కట్టి నీళ్లు చిలకరించండి. ఆ తడి వృథా కాదు, ఉప్పును విడగొట్టడానికి కావలసిన నీటి ఆవిరి అదే. పొడవాటి ఇనుప యాంగిల్ మీద పొట్లం పెట్టి, బర్నర్ కన్నంలోంచి మంట దారిలోకి వంచండి. పక్కకు నిలబడే ఈ పని చేయాలి, ఎందుకంటే రాళ్లు టపటపా పేలి వెనక్కి చిమ్ముతాయి.

రెండు కన్నాల్లో ఒక్కో పొట్లం, అంటే విడతకు అర కిలో. వేసిన వెంటనే డంపర్ సగం మూసి రెండు మూడు నిమిషాలు ఆవిరిని లోపల నిలపండి, తర్వాత తెరవండి. ప్రతి విడతకూ వేడి పడిపోతుంది, అది మళ్లీ లేచేదాకా ఆగాలి. విడతకూ విడతకూ పది, పన్నెండు నిమిషాలు. తొందరపడి ఒక్కసారే కుమ్మరిస్తే బర్నర్ ముందున్న పాత్రలు పచ్చగా గాజు కారి, వెనక వరస పొడిగా మిగులుతుంది. మొత్తం తొమ్మిది, పది విడతలు, సుమారు రెండు గంటలు.

ఎప్పుడు ఆపాలో కోన్ చెప్పదు, మట్టి కడియాలు చెబుతాయి. పాత్రల మట్టితోనే బొటనవేలు పట్టేంత కడియాలు చేసి, చూసే కన్నం వెనక నాలుగైదు నిలబెట్టి ఉంచండి. మూడో విడత నుంచి రెండు విడతలకొకటి ఇనుప కడ్డీతో లాగి నీళ్లలో వేయండి. దాని రంగు చూసి దిగులు పడొద్దు, ఉన్నట్టుండి చల్లారింది కాబట్టి అసలు రంగు రాదు. గోటితో తడిమి చూడాల్సింది మందం, బత్తాయి తొక్క గరుకు. పైవరస, కిందివరస కడియాలు వేరువేరుగా లాగితే బట్టీ ఎక్కడ వెనకబడిందో తెలుస్తుంది.

ఉప్పు వేయడం ఆపాక పావుగంట శుభ్రమైన మంట. తర్వాత 1000 డిగ్రీల దాకా త్వరగా దించి మూసేయండి. ఆపైన ఓపిక పట్టాలి. 573 దగ్గర క్వార్ట్‌జ్, 226 దగ్గర క్రిస్టోబలైట్ (రెండూ సిలికా రూపాలే) పరిమాణం ఒక్కసారిగా మారతాయి. చెయ్యి పట్టేంత చల్లారకముందే తలుపు తీస్తే పాత్ర టంగుమని చీలుతుంది.

మూతలు అతుక్కుపోతున్నాయి. విడిగా కాలిస్తే సరిగ్గా కూర్చోవడం లేదు. (విజయవాడ)

మూతను పాత్ర మీదే కాల్చాలి, అప్పుడే రెండూ ఒకలాగే వంగుతాయి. మూత ఆనే గట్టుకు, మూత అడుగుకు మైనంలో అల్యూమినా కలిపి పూయండి. ఉప్పుకు కావలసింది సిలికా, ఒట్టి అల్యూమినా దానికి లొంగదు. అతుక్కోకుండా కింద పెట్టే ఉండలకు అల్యూమినా హైడ్రేట్, చైనా క్లే బరువులో సమపాళ్లు, కాస్త గోధుమపిండి వేసి ముద్ద చేయండి. మూత కింద శనగగింజంత ఉండలు మూడు, పాత్ర అడుగున గోళీకాయంతవి మూడు, తెల్ల జిగురుతో అంటించండి. నాలుగు పెడితే ఒకటి ఎప్పుడూ ఎత్తుగా ఉండి పాత్ర ఊగుతుంది. కాల్చాక తట్టితే ఊడిపోతాయి, మచ్చను కార్బొరండం రాయితో అరగదీయాలి. షెల్ఫులకూ ఇదే మిశ్రమం నీళ్లలో కలిపి ప్రతి కాల్పుకు ముందూ పూయండి. పైకప్పు ఇటుకల మీద కట్టిన గాజు బొట్లను కూడా అప్పుడే గీకేయండి. లేకపోతే వచ్చే కాల్పులో మీ మంచి టీ పాట్ మీదే పడతాయి.

చిమ్నీలోంచి తెల్లటి పొగమంచు వస్తోంది. అది క్లోరిన్ అంటున్నారు, నిజమేనా? (తిరుపతి)

ఎక్కువగా హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరి, దానితో పాటు ఉప్పు మంచు. క్లోరిన్ కాదు కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. కళ్లు, గొంతు మండుతాయి, రేకుల షెడ్డు తుప్పు పడుతుంది, పక్కింటివారి కారు కూడా. గుడ్డ మాస్క్, దుమ్ము మాస్క్ పనికిరావు, ఆమ్ల వాయువులకు చెప్పిన కార్ట్రిడ్జ్ ఉన్న మాస్క్ కావాలి. ఇళ్ల మధ్య ఈ పని తగదు. లండన్ లాంబెత్‌లో తరాలుగా ఉప్పు మెరుగు సామాను చేసిన డౌల్టన్ కర్మాగారం 1956లో మూతపడటానికి గాలి శుభ్రత నిబంధనలూ ఒక కారణం.

ఉప్పు బదులు సోడా వాడే దారి ఉంది. సోడా యాష్, వంటసోడా వేడినీళ్లలో కరిగించి కన్నాల్లోంచి పిచికారీ చేస్తారు. వెలువడేది బొగ్గుపులుసు వాయువు, ఆమ్లం ఉండదు. అయితే సోడా ఉప్పులా బట్టీ అంతా పాకదు. తగిలిన వైపే మెరుపు, అవతలి వైపు పొడి. ఆ తేడానే అందంగా వాడుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. నాలుగువైపులా ఒకే మెరుపు కావాలంటే మాత్రం నిరాశే.

సీగ్రోవ్‌లో ఉప్పు మెరుగు జాడీ కొన్నాం. ఆవకాయ పెట్టవచ్చా? మన జాడీలు కూడా ఇవేనా? (కేరీ, నార్త్ కరొలైనా)

మన బజారులో దొరికే తెలుపు, గోధుమ రంగుల జాడీలకు సాధారణంగా ముంచి పూసిన గ్లేజు ఉంటుంది, ఉప్పు పని కాదు. మన దేశంలో ఉప్పు మెరుగు ఎక్కువగా ఊరేగింది మురుగునీటి స్టోన్‌వేర్ పైపుల మీద. ఆమ్లాలకు లొంగదన్నదే ఆ పైపుల గొప్ప, కాబట్టి చిన్నచూపు అక్కర్లేదు. అమెరికాలోనూ పాత ఊరగాయ జాడీలకు బయట ఉప్పు, లోపల ఆల్బనీ అనే ముదురు గోధుమ మట్టి పూత ఉండేవి.

ఉప్పు మెరుగులో సీసం పని లేదు. మీరు చూడాల్సింది లోపలి గ్లేజు. జాడీలోకి టార్చి వేసి చూడండి. లోపల వేరే గ్లేజు నునుపుగా అడుగుదాకా ఉందా? అక్కడ నిమ్మచెక్క బోర్లించి 24 గంటలు ఉంచండి. మెరుపు తగ్గినా, రంగు మారినా ఆవకాయకు వద్దు, గరిటెలు పెట్టుకోండి. ఆ తర్వాత నిండా నీళ్లు పోసి న్యూస్‌పేపర్ మీద ఒక రోజు ఉంచి, అడుగున తడి చుట్టు పడిందేమో చూడండి. సోడియం గాజు చల్లారేటప్పుడు మట్టి కంటే ఎక్కువ ముడుచుకుంటుంది కాబట్టి సన్నటి వలలాంటి పగుళ్లు బయట కనిపించవచ్చు. మట్టి బాగా కాలి ఉంటే వాటితో ఇబ్బంది లేదు. ఆవకాయ పెట్టిన కొన్ని వారాలకు జాడీ బయట తెల్లగా ఉప్పు పూసినా, అడుగున నూనె మరక కనిపించినా మట్టి పీల్చుకుంటోందని అర్థం. ఆవకాయను వెంటనే గాజు సీసాలోకి మార్చేయండి.