మిగిలిన మాత్రలు గెడ్డలో వేస్తే నత్తలకు ఏమవుతుంది?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది పర్లాకిమిడి దగ్గర పల్లె. డేట్ అయిపోయిన మాత్రలు, సిరప్‌లు గెడ్డలోనే పారేసేవాళ్లం. ఈమధ్య గెడ్డలో నత్తలు, చిన్న రొయ్యలు బాగా తగ్గాయి. మందుల వల్లేనా? దొరికిన నత్తలు తినొచ్చా? మూత్రంలో కూడా మందు పోతుందని విని మా అత్తగారు షుగర్ మాత్రలు మానేస్తానంటున్నారు.
- ఒక పాఠకురాలు, గజపతి జిల్లా

జవాబు: ముందు మీ అత్తగారి సంగతమ్మా. షుగర్ మాత్ర ఒక్క పూట కూడా మానొద్దు. ఆవిడ విన్నది నిజమే, షుగర్‌కి ఎక్కువగా ఇచ్చే మెట్‌ఫార్మిన్ మాత్ర దాదాపు ఉన్నదున్నట్టే మూత్రంలో బయటికి వస్తుంది. అలాగని మందు మానేస్తే ఆవిడ కళ్లు, కిడ్నీలు దెబ్బతింటాయి.

ఇక నత్తలు. నీళ్లు పరీక్షించకుండా మందులే కారణమని చెప్పలేను. పొలాల్లో కొట్టే పురుగుమందులు, వేసవిలో నీళ్లు అడుగంటడం కూడా వాటిని చంపుతాయి. అయినా మీ అనుమానం కొట్టిపారేసేది కాదు. డిప్రెషన్‌కి ఇచ్చే కొన్ని మాత్రలు మన మెదడులోని సెరటోనిన్ అనే రసాయనం మీద పనిచేస్తాయి. నత్త ఒంట్లోనూ సెరటోనిన్ ఉంది, నత్త పాదం కదలికలో ఆ రసాయనానికి పాత్ర ఉంది. ప్రయోగశాలలో అలాంటి మందు కొద్దిగా కలిపిన నీళ్లలో మంచినీటి నత్తలు పట్టు వదిలేశాయి. పారే నీళ్లలో పట్టు వదిలిన నత్త కొట్టుకుపోతుంది.

నాకు ఇంకా ఎక్కువ భయం పశువుల మందుతోనే. పిడుదులకు, కడుపులో పురుగులకు వేసే ఐవర్‌మెక్టిన్ చాలావరకు పేడలో బయటపడుతుంది. చెరువుల్లో డాఫ్నియా అని ఆవగింజంత జీవి ఉంటుంది, చేపపిల్లలకు అది మంచి మేత. లీటరు నీటిలో కొన్ని నానోగ్రాముల ఐవర్‌మెక్టిన్ ఉన్నా అది చచ్చిపోతుంది. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లవ వంతు! కాబట్టి ఆ మందు వేయించిన పశువుల్ని రెండు మూడు వారాలు గెడ్డలోకి దింపకండి. పేడకుప్ప కూడా గట్టు మీద వద్దు.

నత్తలు తినొచ్చు. వాటిలో చేరే మందు సాధారణంగా మనిషికి హాని చేసేంత ఉండదు. అసలు ప్రమాదం సరిగ్గా ఉడకకపోవడం. కొన్ని నత్తల్లో ఎలుకల ఊపిరితిత్తుల పురుగు పిల్లలు ఉంటాయి, అవి మన మెదడు పొరలకు వాపు తెస్తాయి. బాగా ఉడికించండి. ఆసుపత్రి మురుగు కలిసే చోట మాత్రం ఏరకండి.

మిగిలిన మాత్రల్ని వాడేసిన టీ పొడిలో కలిపి, కవర్లో గట్టిగా కట్టి చెత్తబండికి ఇవ్వండి. సిరప్ కూడా అంతే, కాలవలో పోయొద్దు. బండి రాని ఊరైతే పర్లాకిమిడి వెళ్లినప్పుడు మందుల షాపులోనో ఆసుపత్రిలోనో తీసుకుంటారేమో అడగండి. ఈసారి నుంచి చీటీలో రాసినన్ని మాత్రలే కొనండి, స్ట్రిప్ మొత్తం తీసుకోమంటే వద్దనండి.