అప్పు చేసి అన్నదానం వద్దు, ముందు ఆపద నిధి చూడండి

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లాలో ఒక మండల కేంద్రం. రెడీమేడ్ బట్టల షాపు ఉంది. నెలకు సుమారు 4 లక్షల అమ్మకం. అద్దె, ఇద్దరు కుర్రాళ్ల జీతాలు, కరెంటు బిల్లు కలిపి 35 వేలు పోను 45 వేలు మిగులుతాయి. మెయిన్ రోడ్డులో పెద్ద షోరూం పడ్డాక గిరాకీ పలచబడింది. వినాయక నవరాత్రుల్లో తొమ్మిది రోజులూ అన్నదానం పెట్టి, హైస్కూలుకు బెంచీలు ఇస్తే షాపుకు పేరు వస్తుందనీ, పన్ను కూడా తగ్గుతుందనీ మిత్రులు అంటున్నారు. 3 లక్షలు అవుతుంది. 5 లక్షల చీటీలో 18 నెలలు కట్టాను. అది పాడుకోనా, లేక రెండు రూపాయల వడ్డీకి ఫైనాన్స్‌లో తేనా? బ్యాంకులో 60 వేలు ఉన్నాయి. ఇంటి ఖర్చు 26 వేలు, చీటీ 10 వేలు.

జవాబు: రెండూ వద్దు. ఈ తప్పు మీ ఒక్కరిదే కాదు. పక్కన పెద్ద దుకాణం పడగానే బ్యానర్ల మీదా, చందాల మీదా అప్పు తెచ్చి పోయడం చిన్న వ్యాపారుల్లో మామూలైపోయింది. అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు లెక్క చూడండి. మీరిచ్చిన అంకెల ప్రకారం రూపాయి అమ్మకంలో మీకు దక్కేది 20 పైసలు. 3 లక్షలకు నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 6 వేలు, ఏడాదికి 72 వేలు. ఆ వడ్డీ రావాలంటేనే 3.6 లక్షల అమ్మకం పెరగాలి. అసలు తీరాలంటే ఇంకో 15 లక్షలు. ఏడాదిలో బాకీ తీర్చాలంటే 48 లక్షల అమ్మకం 66 లక్షలు దాటాలి. తొమ్మిది రోజుల భోజనాలు చూసి ఊరు అంత బట్టలు కొనదు. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. ఆ రేటుకు సరుకు తెచ్చినా గిట్టుబాటు కావడం కష్టం, ఇక దానానికి తేవడమేమిటి?

చీటీ సంగతీ అంతే. 50 నెలల చీటీలో 18వ నెలకే లక్షన్నర వదులుకుని పాడారనుకోండి, చేతికి వచ్చేది 3.5 లక్షలే. ఆపైన మిగిలిన 32 వాయిదాలూ తప్పవు. జామీను పెట్టాలి కాబట్టి మీకోసం సంతకం చేసిన బంధువు కూడా ఇరుక్కుంటాడు. మీ దగ్గర పోగవుతున్న పెద్ద మొత్తం ఆ చీటీ ఒక్కటే. దాన్ని ముట్టుకోకండి.

ఎందుకంటే మీకు ఆపద నిధి, అంటే అమ్మకం ఆగినా ఆరు నెలలు నెట్టుకొచ్చేంత డబ్బు, లేదు. షాపు ఖర్చు 35 వేలు, ఇల్లు 26 వేలు, చీటీ 10 వేలు. షట్టర్ తీసినా తీయకున్నా నెలకు 71 వేలు కావాలి. మీ 60 వేలు ఒక్క నెలకు కూడా చాలవు. ఉద్యోగికైతే ఇంటి ఖర్చు లెక్కేస్తే సరిపోతుంది. వ్యాపారికి షాపు ఖర్చు కూడా కలపాలి, ఎందుకంటే అమ్మకం ఆగినా అద్దె, జీతాలు ఆగవు. ఆరు నెలలకు 4,26,000. ముందు పోగేయాల్సింది ఇది. 2024 సెప్టెంబరు మొదట్లో మున్నేరు పొంగి ఖమ్మంలో, బుడమేరు పొంగి విజయవాడలో ఎన్ని దుకాణాల్లోకి నీళ్లు వచ్చాయో మీకు తెలుసు. తడిసిన బట్టను సగం ధరకు కూడా ఎవరూ అడగరు. అలాంటి నెల వస్తే ముందు ఆగేది కుర్రాళ్ల జీతం, తర్వాత హోల్‌సేల్ వాళ్ల బాకీ. జీతం పదో తారీఖు దాటిన షాపు గురించి ఊరికి చెప్పేది ఆ కుర్రాళ్లే. ఎంత అన్నదానం చేసినా ఆ మాట చెరగదు. అందుకే షాపు పేరు నిలబెట్టే ఖర్చుల్లో మొదటిది ఆపద నిధే అంటాను. సరుకుకు వరద, అగ్నిప్రమాదాల బీమా, ఇంటిల్లిపాదికీ ఆరోగ్య బీమా ఈ నెలలోనే తీసుకోండి. మీలాంటి చిన్న షాపులకు భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీ సరిపోతుంది.

పన్ను తగ్గుతుందన్న మాట మీ విషయంలో చెల్లదు. మీ ఆదాయం ఏడాదికి 5.4 లక్షలు. కొత్త పన్ను విధానంలో 2025-26 నుంచి 12 లక్షల లోపు వ్యాపార ఆదాయానికి రిబేటు వల్ల పన్నే పడదు. లేని పన్నులో తగ్గించేదేముంది? పైగా విరాళాలకు ఇచ్చే 80జీ మినహాయింపు పాత విధానంలోనే ఉంది. అక్కడ కూడా 2 వేలకు మించిన నగదు విరాళం లెక్కలోకి రాదు. బెంచీలు, బియ్యం, బట్టలు లాంటి వస్తువులు ఎంత ఖరీదైనా రావు. ఉత్సవ కమిటీ ఇచ్చే రసీదు పుస్తకం ముక్క ఎలాగూ పనికిరాదు. జీఎస్టీ మామూలు పద్ధతిలో కడుతూ షాపు సరుకే ఉచితంగా ఇస్తే, దానిమీద తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీకి పొందిన తగ్గింపు) వెనక్కి కట్టాలి.

దానం చేయొద్దని నేను అనడం లేదు. చిన్న షాపుకు అది నిజంగానే మంచి పేరు తెస్తుంది, మీ తాహతులో ఉండి, ఏటా ఆగకుండా సాగితే. ఎంత ఇవ్వాలో చూద్దాం. 5 కోట్లు, అంతకు మించి నికర లాభం ఉన్న కంపెనీలకు చట్టం పెట్టిన సీఎస్‌ఆర్ (సమాజ సేవకు ఖర్చు పెట్టే) బాధ్యత గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం. 5.4 లక్షల లాభమున్న మీరు 3 లక్షలంటే సగానికి పైగా ఇస్తున్నట్టు. మీకూ ఆ 2 శాతమే పెట్టుకోండి. ఏడాదికి 10,800, నెలకు 900. చందా పుస్తకాలతో వచ్చేవారికి ఇచ్చేది కూడా ఇందులోంచే. ఉగాదికే ఎవరికెంతో ఒక నోటుబుక్కులో రాసుకుంటే, మొహమాటానికి పోయి అనుకున్నదానికి మించి రాయాల్సిన అవసరం రాదు.

ఆ డబ్బుతో షాపు ముందే చలివేంద్రం పెట్టవచ్చు. రోజుకు 20 లీటర్ల క్యాన్లు నాలుగు. మీ దగ్గర క్యాన్ 25 రూపాయలనుకుంటే రోజుకు వంద, 60 రోజులకు 6 వేలు. 80 లీటర్లంటే 200 మిల్లీలీటర్ల గ్లాసులు 400. కొళాయి ఉన్న పెద్ద మట్టి కుండలు రెండు, స్టీలు గ్లాసులు, పైన నీడకు గ్రీన్ నెట్, అన్నీ కలిపి ఇంకో 2 వేలు. మిగిలిన 2,800 చందాలకు.

చలివేంద్రాలు ఎక్కడ చెడతాయంటే, ఉగాదికి నాయకుడితో రిబ్బన్ కత్తిరింపు, ఫొటోలు. రెండో వారానికి కుండ ఎండిపోతుంది, పైన షాపు పేరు మాత్రం అలాగే ఉంటుంది. మే నెల ఎండలో కొళాయి తిప్పి నీళ్లు రాకపోతే ఆ మనిషి మొదట చూసేది ఆ బోర్డే. అలాంటి బోర్డు మీ షాపుకు చెడ్డపేరే తెస్తుంది. నింపే పని ఒక కుర్రాడికి పేరు పెట్టి అప్పగించండి. తెరవగానే ఒకసారి, పన్నెండింటికి, మూడింటికి మళ్లీ నింపాలి. రాత్రి కుండలు కడిగి బోర్లించాలి, లేకపోతే వారానికే పాకుడు పట్టి నీళ్లు వాసనొస్తాయి. ఆదివారం షాపు మూసినా నీళ్లు ఉండాలి. రోడ్డు మార్జిన్‌లో పెడితే పంచాయతీకి ఒక కాగితం ఇవ్వండి. ప్రారంభానికి ఏ పార్టీ వాళ్లనూ పిలవకండి, రెండో పార్టీ వాళ్లూ మీ గిరాకీయే.

బడికి ఇవ్వాలనుంటే ముందు హెడ్మాస్టర్‌ను అడగండి. యూనిఫాం ప్రభుత్వం ఇస్తుంది కాబట్టి మళ్లీ యూనిఫామే ఇస్తే మూలనపడుతుంది. చలికాలంలో హాస్టల్ పిల్లలకు స్వెట్టర్లు తక్కువ పడవచ్చు. ఎన్ని, ఏ సైజులు అన్నది వార్డెన్ చేత రాయించుకోండి. అమ్ముడుపోక రంగు వెలిసిన సరుకు మాత్రం ఇవ్వకండి, బీరువాలో రెండేళ్లు వేలాడిన చొక్కాను ఊళ్లో వాళ్లు ఇట్టే గుర్తుపడతారు. పిల్లలను వరసలో నిలబెట్టి బ్యానర్ ముందు ఫొటోలు తీయడమూ వద్దు. రేపు ఆ పిల్లల అమ్మానాన్నలే మీ షాపుకు రావాలి.

ఇక మీ చేతిలో నెలకు మిగిలే 9 వేలు: దానానికి 900, బీమా ప్రీమియాలకు 2,600, మిగతా 5,500 ఆపద నిధికి. ఏడాది తిరిగేసరికి మీ 60 వేలతో కలిపి 1,26,000 అవుతుంది. దీన్ని షాపు కరెంట్ ఖాతాలో ఉంచకండి, సరుకు తెచ్చే హడావుడిలో కరిగిపోతుంది. వేరే బ్యాంకులో, ఇంట్లోవాళ్లతో ఉమ్మడి ఖాతాలో పెట్టండి. చీటీని చివరి నెలల్లో, తగ్గింపు తక్కువగా పోతున్నప్పుడే పాడుకుని, 4,26,000కు ఎంత లోటుంటే అంత ఇందులో వేయండి. ఈలోగా వినాయక చవితికి ఉత్సవ కమిటీ వస్తే 1,116 రాసి, ఒక పూట భోజనాలకు వడ్డించడానికి మీరూ మీ కుర్రాళ్లూ వెళ్లండి.