బుజ్జీ, పెరట్లో పైపుల గ్రీన్‌హౌస్ కట్టేముందు ఇది చదువు

బుజ్జీ,

పెరడు ఫొటోలు చూశాను, దక్షిణం వైపు చెట్లేమీ అడ్డం లేవు కాబట్టి కంచె పక్క జాగానే సరైనది. నువ్వూ అల్లుడూ ఈ వీకెండ్ షాపుకెళ్ళి సామాన్లు కొనేసేలోపు నాకు తెలిసింది చెప్పేస్తాను, ఎందుకంటే న్యూజెర్సీలో ఇన్నేళ్ళుగా మా పెరట్లోనూ మనవాళ్ళ పెరళ్ళలోనూ పైపులు వంచి ప్లాస్టిక్ షీటు కప్పే ఈ గ్రీన్‌హౌస్‌లు కడుతూనే ఉన్నాం నేనూ మీ పెదనాన్నా.

ముందు ఒకటి మనసులో పెట్టుకో. ప్లాస్టిక్ కప్పినంత మాత్రాన వేడి పుట్టదమ్మా. ఫిబ్రవరిలో బయట 40 డిగ్రీల ఫారెన్‌హీటే ఉన్నా ఎండ కాసి తలుపులు మూసుంటే లోపల 90 దాటిపోతుంది, అదే తెల్లవారుజామున చూస్తే లోపలా బయటా ఇంచుమించు ఒకటే చలి. అందుకని కరివేపాకు మొక్కని డిసెంబర్‌లో అందులో పెడితే బతుకుతుందనుకోకు, చచ్చిపోతుంది, దాన్ని కుండీతో సహా ఇంట్లో కిటికీ దగ్గరకి తెచ్చుకోవాల్సిందే. ఇది మనకిచ్చేది సీజన్‌కి ముందు కొన్ని వారాలు, వెనక కొన్ని వారాలు, ఆ పైన చలిగాలి నుంచి కాపుదల. అది చిన్న విషయం కాదు, ఇక్కడ గోంగూర, బెండ మే నెల సగమయ్యేదాకా బయట వెయ్యలేం కదా.

సైజు 10 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు చాలు. పొడుగు వైపు తూర్పు పడమరలుగా పెట్టు, చలికాలం ఎండ దక్షిణం నుంచి వాలుగా వస్తుంది కాబట్టి ఆ పక్కంతా వెలుతురు పడుతుంది. టౌన్ ఆఫీసులో పర్మిట్ కావాలేమో అడుగు, మీ కాలనీకి ఇళ్ళవాళ్ళ అసోసియేషన్ ఉంటే వాళ్ళనీ అడుగు. రాడ్లు దిగ్గొట్టేముందు 811కి ఫోన్ చెయ్యి, డబ్బులేం తీసుకోరు, గ్యాస్ లైను, కరెంటు కేబుల్ ఎక్కడున్నాయో వచ్చి గుర్తులు పెట్టి వెళ్తారు. ఇది మాత్రం మానొద్దు.

కమానులకి షెడ్యూల్ 40 అనే మందపాటి రకం పీవీసీ పైపు, అంగుళం సైజుది తీసుకో, ముప్పావు అంగుళంది మన మంచుకి ఆగదు. 20 అడుగుల పైపులు ప్లంబింగ్ సప్లై షాపుల్లో దొరుకుతాయి. నాలుగడుగుల రీబార్ ముక్కలు, అంటే కాంక్రీటులో వేసే ఇనప రాడ్లు, సగం భూమిలోకి దిగ్గొట్టి, పైకి మిగిలిన సగానికి పైపు తొడిగి, వంచి అవతలి వైపు రాడ్‌కి తొడుగు, మధ్యలో ఏడడుగుల ఎత్తొస్తుంది, అల్లుడు తల వంచక్కర్లేదు. చాలామంది కమానుకీ కమానుకీ నాలుగడుగులు వదుల్తారు, నువ్వు రెండున్నర అడుగులకొకటి పెట్టు, తొమ్మిది కమానులవుతాయి. పైన ఈ చివర్నుంచి ఆ చివరికి ఒక పైపు కట్టాలి, మూలల్లో ఏటవాలుగా బిగింపులు వెయ్యాలి, ఇవి లేకపోతే తడిమంచు పడిన రాత్రి ఒక కమాను పక్కకి ఒరిగితే మిగతావన్నీ దాని వెంటే పోతాయి. డబ్బు పెట్టగలిగితే పీవీసీ వద్దు, చైన్ లింక్ కంచె పైన వేసే స్టీలు పైపు కొని బెండర్‌తో వంచుకోండి, నన్నడిగితే అదే మంచిది.

ఇక షీటు. పెయింటింగ్‌కి కింద పరిచే మామూలు ప్లాస్టిక్ కొనకు, ఒక్క ఎండాకాలానికే పొడిపొడైపోతుంది. గ్రీన్‌హౌస్ కోసమే చేసింది, ఆరు మిల్ మందం (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు), నాలుగేళ్ళ యూవీ గ్యారంటీ ఉన్నది 24 అడుగుల వెడల్పులో తీసుకుంటే రెండు పక్కలా రెండేసి అడుగులు మిగులుతుంది, దాన్ని కందకం తీసి మట్టిలో పూడ్చెయ్యి. గ్రీన్‌హౌస్‌ని పడగొట్టేది చలి కాదు, గాలి. షీటు కిందికి గాలి దూరిందంటే గొడుగులా లేపేస్తుంది. ఇంకోటి, పీవీసీకీ ఈ షీటుకీ పడదు, తగిలిన చోటల్లా తొందరగా పెళుసెక్కుతుంది, కాబట్టి కప్పేముందు పైపులకి తెల్ల లేటెక్స్ పెయింట్ వేసి ఆరనివ్వు. కప్పడం గాలి లేని వెచ్చటి రోజే చెయ్యండి, వేడికి షీటు సాగుతుంది కాబట్టి అప్పుడు బిగించి లాగితే చలికాలం బిగుతుగా నిలుస్తుంది, చలిలో కప్పితే జూన్‌కల్లా వదులై టపటపా కొట్టుకుంటుంది.

రెండు చివర్లా ఎదురెదురుగా పెద్ద తలుపులు పెట్టు, ఎండొచ్చిన ప్రతి పొద్దునా తెరవాలి, ఆఫీసుకెళ్ళే హడావిడిలో మర్చిపోతే సాయంత్రానికి నారంతా ఉడికిపోతుంది. అందుకే తలుపు పైన చిన్న కిటికీ పెట్టి దానికి మైనం గొట్టం ఓపెనర్ బిగించు, వేడికి లోపల మైనం ఉబ్బి కిటికీని తోస్తుంది, చల్లబడితే అదే మూసుకుంటుంది, కరెంటు అక్కర్లేదు.

చలికాలం పంట కావాలంటే మెయిన్ అనే రాష్ట్రంలో ఎలియట్ కోల్‌మన్ అనే రైతు చేసి చూపించిన పద్ధతి ఉంది, గ్రీన్‌హౌస్ లోపల మడి మీద ఇంకో పల్చటి ఫ్రాస్ట్ క్లాత్ కప్పుతాడు, ఒక్కో పొరకీ తోట ఒకటిన్నర జోన్ (చలి తీవ్రతని బట్టి తోటలవాళ్ళకి చేసిన ప్రాంతాల విభజన) దక్షిణానికి జరిగినట్టే అంటాడు. అలా పాలకూర, కొత్తిమీర నిలుస్తాయి. కానీ మన దగ్గర నవంబర్ సగం నుంచి జనవరి ఆఖరిదాకా పగలు పది గంటలు కూడా ఉండదు, అప్పుడు మొక్క బతుకుతుందే గానీ పెరగదు, అందుకని సెప్టెంబర్ మొదట్లోనే చల్లెయ్యాలి. నీళ్ళు చలికాలం బాగా తగ్గించు, లోపల తేమ ఎక్కువైతే బూజొస్తుంది. మంచు పడుతుంటే ఆగే దాకా చూడకుండా మెత్తటి చీపురుతో మధ్యమధ్యలో దులపాలి.

ఇదంతా డబ్బున్నవాళ్ళ సరదా అని ఎవరన్నా అంటే నమ్మకు. 1948లో కెంటకీ యూనివర్సిటీలో ఎమర్ట్ అనే ప్రొఫెసర్ అద్దం ఖరీదెక్కువని సెలోఫేన్ కప్పి కట్టాడు, ప్లాస్టిక్ గ్రీన్‌హౌస్‌లు మొదలైందే అక్కడ.

గోంగూర, తోటకూర విత్తనాలు నా దగ్గరున్నాయి, కొనకు. 811 వాళ్ళు గుర్తులు పెట్టి వెళ్ళాక చెప్పు, మీ పెదనాన్న సమ్మెటా డ్రిల్లూ పట్టుకుని శనివారం వస్తానంటున్నారు, నేను పప్పూ పులిహోరా తెస్తాను, నువ్వు వంట పెట్టుకోకు.

మీ పెద్దమ్మ