పాత కారు దానం ఇస్తున్నారా? ముందు టైటిల్ తీసి చూడండి

పోయిన ఆదివారం బ్రిడ్జ్‌వాటర్ గుడిలో ప్రసాదం లైన్లో ఉంటే ఎడిసన్ నుంచి వచ్చిన ఒకబ్బాయి అడిగాడు. "అన్నా, మా 2009 కామ్రీకి ట్రాన్స్‌మిషన్ పోయింది, బాగు చేయించాలంటే మూడు వేల డాలర్లు అవుతుందంటున్నాడు మెకానిక్. ఏదైనా చారిటీకి ఇచ్చేస్తే ట్యాక్స్‌లో ఆ మూడు వేలూ తగ్గుతాయట కదా?" లైన్ కదలడంతో సగమే చెప్పగలిగాను. కొత్తగా వచ్చినవాళ్లు చాలామంది ఇదే అనుకుంటున్నారు కాబట్టి మొత్తం రాస్తున్నాను. నేను న్యూజెర్సీలో ఉంటాను, నంబర్ ప్లేట్ల గురించీ టైటిల్ (కారు ఎవరిదో చెప్పే యాజమాన్య పత్రం) గురించీ చెప్పేది ఇక్కడి పద్ధతి. వేరే రాష్ట్రంలో ఉంటే మీ మోటార్ వెహికల్ ఆఫీసు సైట్ ఒకసారి చూసుకోండి.

ముందు ట్యాక్స్ మీద ఆశ తగ్గించుకోండి. నెట్‌లో మీ కారు విలువ నాలుగు వేలు అని చూపిస్తే నాలుగు వేలు రాసుకోవడం కుదరదు. 2005 నుంచి ఉన్న నియమం ప్రకారం, మీ కారు తీసుకున్న సంస్థ దాన్ని అమ్మేస్తే, ఎంతకు అమ్మిందో అంతే మీరు ఆదాయంలోంచి తగ్గించి చూపించుకోగలరు. వేలంలో 900 డాలర్లు పలికితే 900. 500 లేదా అంతకంటే తక్కువకు పోతే, కారు మార్కెట్ విలువ, 500 ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది. సంస్థ కారును అమ్మకుండా తన పనికే గట్టిగా వాడుకున్నా, బాగా రిపేరు చేయించినా, పేద కుటుంబానికి ఉచితంగానో బాగా తక్కువ ధరకో ఇచ్చినా మాత్రం మార్కెట్ విలువ చూపించుకోవచ్చు. అలాంటి సంస్థలు ఉన్నాయి, ఫోన్ చేసినప్పుడు మీరే అడగాలి.

ఆ 900 అయినా అందరికీ పనికిరాదు. ఖర్చులు విడివిడిగా చూపించి ఐటమైజ్ చేసేవాళ్లకే. 2026కి భార్యాభర్తలు కలిసి ఫైల్ చేస్తే, ఖర్చులు చూపించకుండానే ఆదాయంలోంచి గంపగుత్తగా తగ్గే స్టాండర్డ్ డిడక్షనే 32,200 డాలర్లు, అద్దె ఇంట్లో ఉండేవాళ్లు దాన్ని దాటడం దాదాపు ఉండదు. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్న పిల్లలకు ఇండియా-అమెరికా ట్యాక్స్ ఒప్పందం వల్ల స్టాండర్డ్ డిడక్షన్ దొరుకుతుంది కాబట్టి వాళ్లకూ కారు దానంతో అదనంగా వచ్చేది మామూలుగా ఏమీ ఉండదు. సొంతిల్లు ఉన్నవాళ్ల సంగతి వేరు, ఇక్కడి ప్రాపర్టీ ట్యాక్సులు మీకు తెలిసినవే. రాష్ట్ర, స్థానిక పన్నులను ఖర్చుగా చూపించుకోవడానికి పది వేలుగా ఉన్న పరిమితి 2025 నుంచి 40 వేలకు పెరిగింది కాబట్టి చాలామంది మళ్లీ ఐటమైజ్ చేస్తున్నారు. కానీ 2026 నుంచి ఇంకో మెలిక వచ్చింది. ఐటమైజ్ చేసేవాళ్లకు దానాల్లో ఆదాయంలో అర శాతం దాకా లెక్కలోకి రాదు. ఇద్దరి ఆదాయం కలిపి రెండు లక్షలు అనుకోండి, మొదటి వెయ్యి డాలర్లు పోయినట్టే. ఆ ఏడాది మీరిచ్చింది ఆ 900 డాలర్ల కారు ఒక్కటే అయితే మీకు దక్కేది సున్నా.

అందుకే నా సలహా ఇది. కారు నడుస్తుంటే, కాస్త ఓపిక చేసుకుని మీరే అమ్మండి, వచ్చిన డబ్బు దానం ఇవ్వండి. 2026 నుంచి స్టాండర్డ్ డిడక్షన్ తీసుకునేవాళ్లు కూడా నగదు దానం మీద విడిగా వెయ్యి డాలర్లు, జంటగా అయితే రెండు వేల దాకా తగ్గించుకోవచ్చు. అది నగదుకే, కారుకు వర్తించదు. రెండు వేలకు అమ్మి చెక్కు రాసిస్తే ఆ రెండు వేలూ సంస్థకే చేరతాయి. కారే ఇస్తే చాలాచోట్ల మధ్యలో ఒక కంపెనీ ఉంటుంది, టో ట్రక్ ఖర్చు, వేలం ఖర్చు, దాని వాటా పోగా మిగిలిందే చారిటీకి. నడవని కారైతే మాత్రం దానమే మేలు. వాళ్లే ట్రక్ పంపి ఉచితంగా తీసుకెళ్తారు, మీకు పార్కింగ్ ఖాళీ అవుతుంది, ఎంతో కొంత మంచి పనికి వెళ్తుంది. ఇచ్చే ముందు సంస్థ పేరును ఐఆర్ఎస్ (ట్యాక్స్ శాఖ) సైట్‌లో వెతికి 501సి3 (దానానికి ట్యాక్స్ తగ్గింపు వర్తించే చారిటీ) అవునో కాదో చూడండి, వేలం డబ్బులో ఎంత చేరుతుందో నేరుగా అడగండి. చెప్పడానికి నసిగితే వదిలేయండి.

ఇప్పుడు అసలు సంగతి, నేను దెబ్బతిన్నది. 2016లో మా కరోలా ఇచ్చాను. టో ట్రక్ అతను టైటిల్ వెనక సంతకం పెట్టమని, కొనేవాళ్ల పేరు ఖాళీగా వదిలేయమని, ఆఫీసులో వాళ్లు నింపుకుంటారని చెప్పాడు. నాకు మీటింగ్ టైమ్ అవుతోంది, నంబర్ ప్లేట్లు కూడా విప్పలేదు. రెండు నెలలకు టోల్ బిల్లులు మొదలయ్యాయి, తర్వాత నేనెప్పుడూ వెళ్లని ఊళ్లో పార్కింగ్ టికెట్లు, చివరికి మీ కారు రోడ్డు పక్కన వదిలేసి ఉంది, తీసుకెళ్లండని ఉత్తరం. కారు ఎన్ని చేతులు మారిందో తెలియదు, కాగితాల్లో మాత్రం యజమానిని నేనే. అవన్నీ తేలడానికి ఆరు నెలలు పట్టింది. ఆ టెన్షన్‌లో మా ఆవిడ మెయిల్ బాక్స్ తెరవడానికే భయపడేది.

కాబట్టి టైటిల్ మీద సంస్థ పేరు, తేదీ, మైలేజీ మీ కళ్లముందే నింపించి, రెండు వైపులా ఫొటో తీసుకోండి. లోన్ ఎప్పుడో తీరిపోయినా బ్యాంకు పేరు టైటిల్ మీద ఉండిపోతుంది, అప్పు తీరిందని బ్యాంకు ఇచ్చే లీన్ రిలీజ్ ఉత్తరం ముందే తెప్పించుకోండి. ప్లేట్లు మీరే విప్పి మోటార్ వెహికల్ ఆఫీసులో అప్పజెప్పి రసీదు తీసుకోండి. ఆ రసీదు చేతికి వచ్చాకే ఇన్సూరెన్స్ ఆపండి, ముందే ఆపితే రిజిస్ట్రేషన్ సస్పెండ్ అయ్యే ప్రమాదం ఉంది. అద్దానికి అంటించిన ఈజీపాస్ టోల్ ట్యాగ్ తీసేయండి, బ్లూటూత్‌లో ఫోన్ నంబర్లు చెరిపేయండి, గ్యారేజ్ రిమోట్ మరిచిపోకండి. డాష్‌బోర్డ్ మీద వినాయకుణ్ణి నేను ముందు రోజు రాత్రే ఇంట్లోకి తెచ్చి పెట్టుకున్నాను. సంస్థ కారు అమ్మిన 30 రోజుల్లోపు, ఎంతకు అమ్మిందో చెప్పే 1098-సి ఫారం మీకు పంపాలి, 500 డాలర్లు దాటి చూపించుకోవాలంటే దాన్ని రిటర్న్‌కు జతచేయాలి, నగదు కాని దానాలకు ఉండే 8283 ఫారం కూడా నింపాలి.

గుడిలో అడిగిన తమ్ముడికి ఒక మాట. టైటిల్ మీద మీ భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉన్నాయన్నావు, మీ ఆవిడ పురిటికి గుంటూరు వెళ్లిందన్నావు. ఆమె సంతకం నువ్వు పెట్టేయకు, ఎవరు చెప్పినా సరే. డిసెంబర్ 31 లోపు ఇచ్చేయాలన్న తొందరా వద్దు, పైన చెప్పిన లెక్క ప్రకారం నీకు అందులో పోయేదేమీ లేదు. ఆమె బిడ్డతో తిరిగొచ్చేదాకా కారు అక్కడే ఉండనీ, ఇన్సూరెన్స్ కట్టుకుంటూ ఉండు. అపార్ట్‌మెంట్ వాళ్లు తీసేయమని నోటీసిస్తే నాకు ఫోన్ చెయ్యి, మా డ్రైవ్‌వేలో ఒక కారుకు చోటుంది.