ఐదో సింఫనీ రిహార్సల్‌కి వెళ్లేముందు

చి. శ్రావణికి ఆశీస్సులు.

పిల్లలతో బీథోవెన్ ఐదో సింఫనీ మొదలుపెడుతున్నావు కదా, కొన్ని పనులు ఇంట్లోనే తెముల్చుకో. కమాను ఎక్కడ పైకి, ఎక్కడ కిందికి అన్నది మొదటి వయొలిన్‌తో కూర్చుని తేల్చి, అందరి కాగితాల మీదా గుర్తులు పెట్టించు. అన్ని వాద్యాల స్వరాలూ ఉండే నీ స్కోరులో బార్ (నిలువు గీతల మధ్య గడి) నంబర్లు వాళ్ల కాగితాల్లోనూ అవేనా చూడు. తేడా ఉంటే సగం సాయంత్రం "ఎక్కణ్ణించి మేడమ్?" అనడంతోనే సరి.

మొదటి ఐదు బార్లకే అరగంట పెట్టుకో. కర్ణాటక సంగీతం నేర్చిన మన విశాఖ పిల్లలు ఆ మూడు పొట్టి స్వరాల్ని తకిట అనుకుని తిశ్రంలో, దెబ్బకి మూడేసిగా వాయించేస్తారు. నిజానికది తకదిమి: "త" మౌనం, "కదిమి" పలకాలి, పొడుగు స్వరం తర్వాతి దెబ్బ మీద పడాలి. తాళం పడ్డాక పాట ఎత్తుకునే మన అనాగత ఎత్తుగడే అనుకో. నీ చెయ్యి దిగేది ఆ మౌనం మీద. వయొలిన్లు ఒళ్లో పెట్టించి, చప్పట్టు వేస్తూ ముందు నోటితో చెప్పించు. రెండో పొడుగు స్వరానికి ఒక బార్ ఎక్కువ రాసి ఉంది, రెండూ సమానంగా ఆపనివ్వకు. ఆ స్వరాన్ని నువ్వు ఆపించాక రెండో వయొలిన్లు మెల్లని శబ్దంతో అందుకోవాలి. నువ్వు చెయ్యి పెద్దగా విసిరితే వాళ్లూ గట్టిగానే వాయిస్తారు.

బీథోవెన్ ఇచ్చిన వేగం నిమిషానికి 108 బార్లు. 72తో మొదలుపెట్టి నాలుగేసి పెంచు. 96 దగ్గర స్వరాలు విడివిడిగా వినిపిస్తే అక్కడే ఆగు. 108లో అంతా నలిగిపోవడం కన్నా అదే నయం.

268వ బార్‌లో ఓబో అనే ఊదే వాద్యం ఒక్కతే పాడుతుంది. అక్కడ తాళం వెయ్యకు, ఊపిరి ఆ పిల్లాడిది. ట్రాంబోన్లు, పికలో, కాంట్రా బసూన్ అనే ఊదే వాద్యాలు నాలుగో భాగంలోనే వస్తాయి కాబట్టి వాళ్లని టీ తర్వాత రమ్మను.

కర్ణాటక పద్ధతిలో సపసపకి శృతి చేసి ఉన్న వయొలిన్లని పాశ్చాత్య శృతికి ముందురోజే ఎక్కించు. అప్పటికప్పుడు బిగిస్తే తీగ నిలవదు, తెగినా తెగుతుంది. సముద్రపు తేమకి తీగలు బిగించే బిరడలు ఉబ్బి బిగుసుకుంటాయి, ఏసీ హాల్లో వదులై జారతాయి. అరగంట ముందే పెట్టెలు తెరిపించి, ఆనక ఓబో ఇచ్చే 'ఏ' స్వరానికి (440 హెర్ట్జ్) కలిపించు.

వాయిద్యం ఆపిన ప్రతిసారీ ఎవరు, ఏ బార్, ఏం మారాలి, అంతే చెప్పు. పెన్సిళ్లు ఓ పది ఎక్కువ పట్టుకెళ్లు. పెన్నుతో మాత్రం రాయనివ్వకు, రెండో వారానికి నీ నిర్ణయాలు సగం మారతాయి.