అమ్మ మోకాళ్లకు ఫ్రాంకిన్సెన్స్ నూనె: దద్దుర్లు ఎందుకు, నొప్పి ఎందుకు తగ్గలేదు

అక్కా, హన్మకొండలో కొన్న సీసా ఫ్రాంకిన్సెన్స్ నూనెను (బోస్వెలియా జాతి చెట్ల బంక నుంచి ఆవిరితో తీసే వాసన నూనె) అమ్మ మోకాళ్లకు ఏం కలపకుండా అట్లనే రాస్తే దద్దుర్లు లేచినయని, నొప్పి కూడా తగ్గలేదని అడిగినరు.

ఏం కలపకుండా రాయడమే దద్దుర్లకు కారణం కావచ్చు. ముందు నువ్వుల నూనెలో ముంచిన దూదితో తుడిచి, తర్వాత సబ్బుతో కడగండి. ఉత్త నీళ్లకు అది పోదు. చర్మం పూర్తిగా మామూలయ్యేదాకా మళ్లీ రాయొద్దు. ఆ తర్వాత 30 మి.లీ. నువ్వుల నూనెకు ఈ నూనె 12 చుక్కలు కలపండి, అంటే సుమారు 2 శాతం. మొదట మోచేతి మడతలో రాసి 24 గంటలు చూడండి. పాతబడిన సీసా అయితే పారేయండి: గాలి తగిలి, నూనెలో ఉండే పైనీన్ అనే పదార్థం ఆక్సీకరణం చెందితే ఇంకా మంట పెడుతుంది.

ఇగ నొప్పి సంగతి, అసలు తిరకాసు ఇక్కడే. ఆయుర్వేదంలో కీళ్లకు వాడేది శల్లకి బంక, మన ఆదిలాబాద్ అడవుల్ల అందుగు చెట్టుది. అందులో నొప్పికి పనిచేస్తయని చెప్పే బోస్వెలిక్ ఆమ్లాలు బరువైనవి, ఆవిరితో తీసే నూనెలోకి దాదాపు ఎక్కవు. వాసన సీసాలోకి వస్తది, అవి బంకలోనే మిగుల్తయి. పాత ఈజిప్టు గుళ్లలో పొగ వేసిందీ బంకనే. ఇంట్లో వాడే ఊదు (సాంబ్రాణి) చాలావరకు స్టైరాక్స్ చెట్టుది, అది వేరు.

శల్లకి మాత్రలు కొనేముందు, అమ్మ రక్తం పలచబడే మందులు వాడుతుంటే డాక్టర్‌ను అడగండి.