502 బిగ్ బ్లాక్ బోటుకి సూపర్‌ఛార్జర్: ఏ రకం పెట్టాలి, పెట్టాక ఎలా చూసుకోవాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. 28 అడుగుల పాత వీ-హల్ బోటు కొన్నారు. అందులో మెర్‌క్రూజర్ 502 మ్యాగ్ ఎంపీఐ ఇంజన్ ఉంది, అంటే 502 క్యూబిక్ అంగుళాల పెద్ద వీ8. మిజోరీలోని లేక్ ఆఫ్ ది ఓజార్క్స్‌లో ఇంటిల్లిపాదీ తిరుగుతారు, వీలు దొరికినప్పుడు కాస్త గట్టిగా తోలాలని ఉంది. కారు నుంచి తీసిన సూపర్‌ఛార్జర్ (ఇంజన్లోకి గాలిని నొక్కి ఎక్కించే యంత్రం) ఒకటి చవగ్గా దొరుకుతోంది. అది పెట్టొచ్చా, ఎంత బూస్ట్ (అలా ఎక్కించే గాలి ఒత్తిడి) పెట్టాలి, ఆ తర్వాత చాకిరీ ఎంత అన్నది మీ సందేహం. నేను సెయింట్ లూయిస్‌లో ఉంటాను. అదే లేక్‌లో, అదే 502 మీద విపుల్ కంపెనీ స్క్రూ సూపర్‌ఛార్జర్‌తో కొన్ని సీజన్లుగా తిరుగుతున్నాను. ఉద్యోగం కూడా ఇంజన్ల టెస్టింగ్‌లోనే.

సూటిగా చెప్పేస్తాను. కారుది పెట్టకండి. మీ వాడకానికి ఇంటర్‌కూలర్‌తో (నొక్కిన గాలిని చల్లబరిచేది) వచ్చే స్క్రూ రకం మెరైన్ కిట్ బాగా కుదురుతుంది. అంత డబ్బు ఇప్పట్లో పెట్టలేమనుకుంటే సెంట్రిఫ్యూగల్ రకం. రకాల తేడా కింద చెబుతాను. ఏది పెట్టినా 5 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దగ్గర ఆగండి.

సూపర్‌ఛార్జర్ల గురించి నెట్‌లో దొరికే సలహాల్లో చాలా భాగం కార్లవాళ్లు రాసినవి. కారు హైవే మీద 70 మైళ్ల వేగంతో పోతున్నా ఇంజన్ తన శక్తిలో చిన్న భాగమే ఖర్చు పెడుతుంది. థ్రాటిల్ దాదాపు మూసే ఉంటుంది, బూస్ట్ గేజ్ సున్నా కిందే ఉంటుంది. పూర్తిగా తొక్కేది ఎప్పుడో కొన్ని సెకన్లు. బోటుకి ఆ వెసులుబాటు లేదు. జనం కిక్కిరిసిన బస్సు తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కుతున్నట్టే ఉంటుంది దాని పని, దిగుడు అన్నదే రాదు. థ్రాటిల్ వెనక్కి లాగితే నీళ్లు పట్టుకుని ఆపేస్తాయి. గంటసేపు క్రూజ్ చేస్తే గంటసేపూ ఇంజన్ మీద బరువే. డ్రాగ్ స్ట్రిప్ మీద 12 పీఎస్‌ఐని సరదాగా తట్టుకున్న ఇంజన్ లేక్ మీద ఒక్క మధ్యాహ్నంలో పిస్టన్ కరిగించుకోవడంలో ఆశ్చర్యమేమీ లేదు. అందుకే బూస్ట్ అంకె చూసి కిట్ కొనొద్దంటాను. ఆ వేడిని గంటల తరబడి ఎవరు మోస్తారు, ఎలా బయటికి పంపుతారు అన్నది చూసి కొనాలి.

ముందు మీ ఇంజన్ సంగతి. 502 మ్యాగ్ దొరకడం మీ అదృష్టమే. 8.2 లీటర్లు, 415 హార్స్‌పవర్, కంప్రెషన్ రేషియో 8.75 (సిలిండర్ గాలిని ఎన్నో వంతుకి నొక్కుతుందన్న అంకె), లోపల ఫోర్జ్‌డ్ పిస్టన్లు. ఇప్పుడు చిన్న లెక్క చేయండి. బూస్ట్‌ని 14.7తో (మామూలు గాలి ఒత్తిడి) భాగించి, ఒకటి కలిపి, కంప్రెషన్‌తో గుణించండి. 5 పీఎస్‌ఐకి 11.7 వస్తుంది. 8 పీఎస్‌ఐకి 13.5 వస్తుంది. ఇది ఉజ్జాయింపు లెక్కే, కానీ దారి చూపిస్తుంది. మంచి ఇంటర్‌కూలర్ ఉండి, స్పార్క్ టైమింగ్ కాస్త తగ్గించుకుంటే ప్రీమియం పెట్రోలుతో 11.7ని నిభాయించుకోవచ్చు. బంకులో దొరికే పెట్రోలుతో, ఎడతెగని లోడు కింద 13.5 అంటే అసలుకే ఎసరు.

పాత బోటు కాబట్టి ఇంకో మాట. ముందటి ఓనరు ఇంజన్ ఎప్పుడు విప్పించాడో, లోపల ఏం మార్చాడో మీకు తెలియదు. కిట్‌కి ఆర్డరు పెట్టకముందే కంప్రెషన్ టెస్టు, లీక్‌డౌన్ టెస్టు (సిలిండర్లోకి గాలి నింపి ఎంత కారుతోందో చూసేది) చేయించండి. లీక్‌డౌన్ చేసేటప్పుడు గాలి ఎటు పోతోందో చెవి పెట్టి వినమనండి. ఎగ్జాస్ట్ వైపు బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వు, వాల్వు కవర్ నూనె మూత దగ్గర వినిపిస్తే రింగులు. ఎగ్జాస్ట్ మానిఫోల్డులు, వాటి పైన ఉండే పొగగొట్టం మలుపులైన రైజర్లు కూడా విప్పి చూడాలి. లేక్ నీళ్లు నేరుగా వాటిలోంచే పోతాయి కాబట్టి లోపలి నుంచి తుప్పు తినేస్తుంది. తుప్పు తిన్న రైజరుతో సిలిండర్లోకి నీళ్లు కారుతున్న ఇంజనుకి సూపర్‌ఛార్జర్ పెట్టడం దండగ.

ఇక రకాలు.

రూట్స్ అన్నింటికంటే పాతది. ఇండియానా రాష్ట్రంలోని కానర్స్‌విల్‌లో రూట్స్ అన్నదమ్ములు 1860లో పేటెంట్ తీసుకున్నారు. హాట్ రాడ్ల మీద కనిపించే 6-71 అసలు జనరల్ మోటార్స్ టూ-స్ట్రోక్ డీజిల్ ఇంజను మీదిది. ఆరు సిలిండర్లు, ఒక్కోటి 71 క్యూబిక్ అంగుళాలు, పేరు అలా వచ్చింది. ఇది గాలిని లోపల నొక్కదు, ఒకవైపు నుంచి ఇంకోవైపుకి తోస్తుందంతే. మానిఫోల్డులో పేరుకున్నాక గాలి నొక్కుకుంటుంది. అందుకే ఐడిల్ పైన కొంచెం ఎక్కగానే బూస్ట్ తయారు. బరువైన బోటు కూడా ముక్కు ఎత్తకుండా చటుక్కున ప్లేన్ మీదికి (నీళ్ల పైన జారే స్థితికి) వస్తుంది. అందుకు చెల్లించే మూల్యం వేడి. ఇంజన్ గదిలో 40 డిగ్రీల గాలి ఉందనుకోండి. 5 పీఎస్‌ఐకి నొక్కితే, 55 శాతం సామర్థ్యమున్న పాత రూట్స్ దాన్ని దాదాపు 90 డిగ్రీలకి చేరుస్తుంది. 70 శాతం సామర్థ్యమున్న యంత్రమైతే 80 దగ్గర ఆగుతుంది. పది డిగ్రీలే కదా అనిపిస్తుంది గానీ డెటొనేషన్ (సిలిండర్లో పెట్రోలు అదుపు తప్పి పేలడం) అంచున నడిచే ఇంజనుకి పది డిగ్రీలు చాలా ఎక్కువ. ఈటన్ టీవీఎస్ లాంటి కొత్త రూట్స్‌లో నాలుగు లోబుల రోటర్లు, 160 డిగ్రీల మెలిక ఉండటంతో సామర్థ్యం బాగా మెరుగుపడింది. కాబట్టి రూట్స్ అన్నవన్నీ ఒకటే అని తీసిపారేయకండి.

స్క్రూ రకం చూడటానికి రూట్స్ తమ్ముడిలా ఉంటుంది, పని మాత్రం వేరు. స్వీడన్ ఇంజనీరు ఆల్ఫ్ లిస్‌హోమ్ 1930లలో రూపు దిద్దినది. ఒకదానిలో ఒకటి ఇమిడి తిరిగే రెండు రోటర్లు గాలిని కేసులోపలే నొక్కుతాయి. కింది ఆర్‌పీఎం నుంచే బూస్ట్ వస్తుంది, వేడి రూట్స్ కంటే తక్కువ. మెర్క్యురీ రేసింగ్ తన 600 ఎస్‌సీఐ, 1075 ఎస్‌సీఐ ఇంజన్లకి స్క్రూనే ఎంచుకుంది. ధర ఎక్కువ, నిజమే. కానీ పిల్లలు, కూలర్లు, ట్యూబులు అన్నీ ఎక్కించుకుని 3000-3500 ఆర్‌పీఎం మధ్య తిరిగే మీ లాంటి వాడకానికి ఇదే సరైన చోట బలం ఇస్తుంది.

సెంట్రిఫ్యూగల్ అంటే బెల్టుతో తిరిగే టర్బో కంప్రెసర్ అనుకోండి. ప్రోచార్జర్, వోర్టెక్ ఈ రకమే. సామర్థ్యం బాగుంటుంది, బిగించడం తేలిక, మీ ఇంజెక్షన్ ఇన్‌టేక్‌ని పీకాల్సిన పని లేదు. కాకపోతే బూస్ట్ దాదాపు ఆర్‌పీఎం వర్గంతో పెరుగుతుంది. 5000 దగ్గర 6 పీఎస్‌ఐ ఇచ్చేది 3000 దగ్గర 2 మాత్రమే ఇస్తుంది. ప్లేన్ ఎక్కేటప్పుడు పెద్దగా సాయపడదు. అసలు బలం పైనే. అయితే ఇందులో ఒక మేలుంది. క్రూజ్‌లో బూస్ట్ తక్కువ కాబట్టి ఇంజన్ మీద రోజువారీ ఒత్తిడి తక్కువ. పెద్ద ఖాళీ నీళ్లలో పై వేగం కోసం తోలేవాళ్లకి ఇది బంగారం. మన లేక్‌లో శనివారం మధ్యాహ్నం పెద్ద క్రూజర్లు లేపే అలల మధ్య ఫుల్ థ్రాటిల్ పెట్టే వీలు ఎంతసేపు దొరుకుతుందో మీకే తెలుసు.

చవగ్గా దొరుకుతున్న కారు యూనిట్ సంగతి. బోటు ఇంజన్ గది మూసి ఉంటుంది, అడుగున పెట్రోలు ఆవిరి పేరుకునే ప్రమాదం ఉంటుంది. అందుకే పెట్రోల్ ఇన్‌బోర్డుకి ఫ్లేమ్ అరెస్టర్ (మంట బయటికి రాకుండా ఆపే జాలీ) ఉండాలని అమెరికా కోస్ట్ గార్డ్ నిబంధన. కారు ఎయిర్ ఫిల్టర్ దానికి బదులు కాదు. కారుకి చేసిన ఇంటర్‌కూలర్ గాలితోనో, మూసిన కూలెంట్ వలయంతోనో పనిచేస్తుంది. బోటులో అందులోంచి పోయేది లేక్ నీళ్లు, రేపు మీరు ఫ్లోరిడా వెళితే ఉప్పునీళ్లు. అల్యూమినియం కోర్ ఉప్పునీటికి నిలవదు, దానికి కుప్రోనికెల్ (రాగి-నికెల్ మిశ్రమం) లాంటివి కావాలి. కొత్తగా కలిపే సెన్సర్లు, రిలేలు, పంపులు కూడా మెరైన్ ఇగ్నిషన్ ప్రొటెక్షన్ (వాటి నిప్పురవ్వ పెట్రోలు ఆవిరిని అంటించకుండా రక్షణ) ఉన్నవే అయ్యుండాలి. ఇందులో మిగుల్చుకునే డబ్బు కోసం మనుషుల్ని పణంగా పెట్టకండి, దయచేసి.

పెట్రోలు, స్పార్క్ విషయంలో ఒక్కటి గట్టిగా చెప్పాలి. కారులో నాక్ (డెటొనేషన్ చప్పుడు) వస్తే వినపడుతుంది. బోటులో ఎగ్జాస్ట్ హోరు, గాలి, అలల చప్పుడులో మీకు వినపడేది పిస్టన్ పగిలాకే. కాబట్టి చెవులకి బదులు గేజులు పెట్టుకోవాలి: బూస్ట్, ఫ్యూయల్ ప్రెషర్, వైడ్‌బ్యాండ్ ఎయిర్-ఫ్యూయల్ (గాలి-పెట్రోలు నిష్పత్తి), ఇంటర్‌కూలర్ తర్వాత గాలి ఉష్ణోగ్రత. ఫుల్ థ్రాటిల్‌లో ఎయిర్-ఫ్యూయల్ 11.5-12 మధ్య ఉండాలి. ఆర్‌పీఎం పైకి పోతుంటే ఫ్యూయల్ ప్రెషర్ జారిపోతోందంటే అక్కడే వదిలేయండి. పాత పంపు, సగం మూసుకుపోయిన వాటర్ సెపరేటర్ ఫిల్టర్ ఉంటే ఇంజన్ లీన్ అయిపోతుంది, అంటే పెట్రోలు చాలదు. మా డాక్‌లోనే ఒకాయన పిస్టన్ అలాగే పోయింది. కిట్ అమ్మిన షాపు వాళ్లు పంపు గురించి మాటే ఎత్తలేదట. ప్లగ్గులు ఒక మెట్టు కోల్డ్ రకం (వేడిని త్వరగా వదిలేవి) వేసి గ్యాప్ 0.035 అంగుళం దగ్గరికి తగ్గించండి. ఏ డాక్‌లో ఏ ఆక్టేన్ ఉందో ముందే తెలుసుకుని ట్యాంకు నింపుకోండి. ట్యూన్ ప్రీమియం మీద చేసి 87 ఆక్టేన్ పోస్తే ఏ కిట్టూ కాపాడదు.

కొత్తగా బిగించాక మొదటి కొన్ని సార్లు ప్లగ్గులు తీసి భూతద్దంతో చూడటం అలవాటు చేసుకోండి. లోడు మీద కొంచెంసేపు నడిపి, ఐడిల్‌కి దించకుండా ఇంజన్ కట్టేసి, చల్లారాక తీయాలి. తెల్లటి పింగాణీ మీద మిరియపు పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు, వాటి మధ్య తళుక్కుమనే వెండి పూసలు కనిపిస్తే అవి మీ పిస్టన్ అల్యూమినియమే. డెటొనేషన్ మొదలైందన్నమాట. సూపర్‌ఛార్జర్ పుల్లీ పెద్దది వేసి బూస్ట్ తగ్గించాలి, లేదా టైమింగ్ వెనక్కి జరపాలి. అప్పటిదాకా బోటు కదపొద్దు.

మెయింటెనెన్స్‌లో పెద్ద రహస్యాలేం లేవు, ఓపిక కావాలి. చాలా స్క్రూ యూనిట్లకి, ప్రోచార్జర్ లాంటివాటికి ఇంజను నూనెతో సంబంధం లేకుండా తమ గేర్ల కోసం సొంత నూనె ఉంటుంది. అది కొంచెమే కాబట్టి తొందరగా పాడవుతుంది. తయారీదారు చెప్పిన నూనె మాత్రమే, చెప్పిన గంటలకి మార్చండి. ఇంజను చల్లారి బోటు సమంగా ఉన్నప్పుడే మట్టం చూడాలి. ట్రైలర్ మీద ముక్కు పైకెత్తి ఉంటే తప్పు మట్టం చూపిస్తుంది. తీసిన నూనెని తెల్లటి పేపర్ టవల్ మీద పోసి ఎండలో పక్కకి వంచి చూస్తాను. సన్నటి బూడిదరంగు మెరుపు కొత్త గేర్లలో కొద్దిగా ఉంటుంది. వేలికి తగిలే రేకులు కనిపిస్తే యూనిట్ విప్పి రీబిల్డ్‌కి పంపాల్సిందే.

బెల్టు తీసినప్పుడల్లా పుల్లీని చేత్తో తిప్పండి, అటూ ఇటూ ఊపండి. గరగర, ఊగులాట ఉంటే ముందువైపు బేరింగు పోబోతోంది. పుల్లీల చుట్టూ నల్లటి రబ్బరు పొడి పేరుకుంటే అలైన్‌మెంట్ తప్పిందని అర్థం, బద్ద ఆనించి చూస్తే తెలిసిపోతుంది. బెల్టు మరీ బిగిస్తే బేరింగు పోతుంది, వదులైతే బూస్ట్ పడిపోతుంది. స్పేర్ బెల్టు, దానికి తగిన రెంచి బోటులోనే ఉంచండి.

మన మిజోరీ చలికాలం ఇంటర్‌కూలర్‌కి యముడు. అక్టోబరులో ఇంజను బ్లాకు డ్రెయిన్ చేసి ఇంటర్‌కూలర్ మర్చిపోయేవాళ్లు ఎక్కువ. కింది గొట్టం ఊడదీస్తే నీళ్లు జరజరా వచ్చి ఆగిపోతాయి, అయిపోయిందనుకుంటాం. లేక్ అడుగు బురద డ్రెయిన్ రంధ్రంలో చేరి లోపల ఇంకా నీళ్లు నిలిచే ఉంటాయి. సన్నటి తీగతో ఆ రంధ్రం పొడిచి, మళ్లీ కారనిచ్చి, తర్వాత యాంటీఫ్రీజ్ పోయాలి. గడ్డకట్టి కోర్ చిట్లితే వసంతంలో స్టార్ట్ చేయగానే నీళ్లు నేరుగా ఇన్‌టేక్‌లోకి పోతాయి, సిలిండర్లో నీళ్లు నిండి కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. సీజన్ మొదట్లో కోర్‌ని ప్రెషర్ టెస్టు చేయిస్తే నిశ్చింత.

ఆఖరుగా డ్రైవు, ప్రొపెల్లర్. 5 పీఎస్‌ఐకి బలం నాలుగో వంతు దాకా పెరుగుతుంది. అది మోసేది బ్రావో డ్రైవులోని (ఇంజన్ బలాన్ని ప్రొపెల్లరుకి చేర్చే మెర్‌క్రూజర్ భాగం) గేర్లే. గేర్ లూబ్ తరచుగా మార్చండి, అలల మీద ఎగిరి దిగేటప్పుడు థ్రాటిల్ తగ్గించండి. పాత ప్రొపెల్లర్ పిచ్ (ఒక్క చుట్టుకి అది ముందుకు తోసే దూరం) చాలదు, ఇంజన్ 502 పరిమితి అయిన 5000 దాటి పరిగెడుతుంది. రెండు అంగుళాల పిచ్ ఎక్కువున్నది అరువు తెచ్చి చూసి, తర్వాత కొనండి.

లీక్‌డౌన్, కంప్రెషన్ అంకెలు ఎనిమిది సిలిండర్లవీ చేతికొచ్చాక ఇక్కడే పెట్టండి. డ్రైవు మోడల్, ఇప్పుడున్న ప్రొపెల్లర్ పిచ్, దానితో ఫుల్ థ్రాటిల్‌లో వచ్చే ఆర్‌పీఎం కూడా రాయండి. ఏ పుల్లీతో మొదలుపెట్టాలో లెక్కేసి చెబుతాను.